తెల్లవారితే గురువారం

తెనాలి
06-07-26

పిన్నీ,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఇక్కడ అందరం బావున్నాం. ఫోన్లో నేను పంపే మెసేజీలకి నువ్వు జవాబివ్వవు. అడిగితే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు చదివే ఓపిక లేదన్నావు. పోనీ ఇంట్లోంచి మాట్లాడదామంటే, నీ పేరు వినగానే అమ్మ మొహం మాడ్చుకుని పెరట్లోకి వెళ్లిపోతోంది. ఉగాది నుంచీ మీ అక్కచెల్లెళ్లకి మాటల్లేవు. ఎందుకో అమ్మ చెప్పదు, నువ్వూ చెప్పవు. మధ్యలో నాకు ఊపిరాడటం లేదు. అందుకే ఈ కాగితం. జవాబు ఇంటికి రాయకు, కవరు వెనకున్న ప్రెస్సు అడ్రసుకి రాయి.

ప్రెస్సు సంగతి నీకు తెలియదు కదా. హైదరాబాద్ ఉద్యోగం మానేసి వచ్చాక రెండు నెలలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు శుభలేఖలు వేసే నరసింహం గారి దగ్గర చేరాను. డెబ్బై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటికోసమే వెతుకుతుంటారు. పెళ్లివాళ్లు ఫోన్లోనే వివరాలు నింపితే కార్డు దానంతటదే తయారయ్యే ప్రోగ్రాం రాస్తున్నాను. పేర్లతో పేచీ లేదు. తేదీతోనే వచ్చింది తంటా. మిషనుకి తేదీ, టైమూ కలిపి ఒకటే అంకె. దశాంశం చుక్కకి ముందున్నది రోజు, చుక్క తర్వాతది గంటలు. ఆ అంకెని నేను మాటల్లోకి మార్చాలి. ఇంగ్లీషులో అయితే మధ్యాహ్నందాకా ఏఎం, ఆ తర్వాత పీఎం, అంతటితో సరి. మనకి అలా కాదు కదా. ఉదయం ఎన్నింటిదాకా? సాయంత్రం ఎప్పుడు పోయి రాత్రి ఎప్పుడొస్తుంది? కాలేజీలో అన్నేళ్లు తెలుగు చెప్పావు, నువ్వు కాక ఇంకెవరు చెప్తారు?

అమ్మ సంగతి కూడా రాయి. మీరిద్దరూ మాట్లాడుకోకపోతే నాకు అన్నం సయించడం లేదు, నిజంగా.

నీ
మైథిలి

•

బాపట్ల
గురువారం, వంటయ్యాక

మైథిలికి,

వంటింటి బల్ల మీంచి పిన్ని ఆశీర్వాదాలు. నీ ఉత్తరం మీద తేదీ చూసి కాసేపు ఆలోచనలో పడ్డాను. అది జూన్ ఏడా, జూలై ఆరా? జూన్ ఏడైతే పోస్టుమ్యాన్ నెల్లాళ్లు దాన్ని సంచీలో దాచుకున్నట్టు. పోస్టాఫీసు ముద్ర చూస్తే గాని తేలలేదు. ఊరందరి తేదీల్నీ మాటల్లోకి మార్చే పిల్ల తన ఉత్తరం మీద మాత్రం అంకెలు గిలికి పారేసింది. ఈసారి అక్షరాల్లో రాయి, లేకపోతే చదవను.

ఇక నీ సందేహాలు. తెల్లారిన దగ్గర్నించి పదకొండు దాటేదాకా ఉదయమే. పన్నెండు నుంచి మధ్యాహ్నం. నాలుగైతే సాయంత్రం, దీపాలు పెట్టాక రాత్రి. మూడు దాటితే తెల్లవారుజాము అంటారు. ఏడింటికి ఎండాకాలంలో సాయంత్రమనీ చలికాలంలో రాత్రనీ అంటారు కాబట్టి అక్కడ నీ మిషను ఏదో ఒకటి తేల్చుకోవాలి. దీని మీద ప్రకాశరావు గారితో చిన్న వాదన కూడా అయింది. ఆయన మా కాలేజీలోనే లెక్కలు చెప్పేవారు, రిటైరై సొంత ఊరు రేపల్లెలో ఉంటున్నారు. ఆదివారాలు బస్సెక్కి వస్తుంటారు. లెక్కల మనిషి కదా, సాయంత్రం ఆరు వరకే అని గీత గీశారు. ఆరుంపావుకి చీకటి పడిందా చెప్పండి అని నేను. చివరికి కాఫీ చల్లారిపోయింది.

మీ అమ్మ సంగతి అడిగావు. తప్పు దానిది కాదు, నాది కూడా కాదు. నేనొకటి చెప్పాను, అది దానికి నచ్చలేదు. అంతే. నాకూ అన్నం సయిస్తోందనుకోకు. పండక్కి అది పంపే కందిపొడి ఈసారి రాలేదు, డబ్బా ఖాళీగా ఉంది. ఏం చెప్పానో నీకూ రాస్తాను. కొంచెం ధైర్యం కూడగట్టుకోనీ.

నీ
పిన్ని

•

తెనాలి
జూలై ఇరవై, సోమవారం

పిన్నీ,

చూశావా, అక్షరాల్లో. ఇప్పుడు చదువు.

ప్రోగ్రాం నడుస్తోంది గాని, నడక నేర్చేలోపు రెండుసార్లు బోర్లా పడింది. మొదటిది వింటే నవ్వుతావు. ప్రోగ్రాంలో నెలకి గుర్తు ఇంగ్లీషు పెద్ద ఎం, నిమిషాలకి చిన్న ఎం. నేను తొందరలో రెండుచోట్లా నెల గుర్తే ఇచ్చాను. మాకొచ్చిన శ్రావణం పెళ్లిళ్లన్నీ ఎనిమిదో నెల ఆగస్టులోనే కదా, కార్డులన్నిట్లో ముహూర్తం ఏదో ఒక గంట దాటిన ఎనిమిదో నిమిషానికే పడింది. నరసింహం గారు ఒక్కోటీ చదివి, "ఏమ్మా, ఈ ఏడు పురోహితులందరూ కూడబలుక్కున్నారా?" అన్నారు. తిట్టినా బావుండేది.

రెండోది అంత తేలిగ్గా పోలేదు. అమృతలూరు వాళ్ల పెళ్లి, అర్ధరాత్రి దాటాక ముహూర్తం. వాళ్లు గడియారం ప్రకారం శుక్రవారం తేదీ నింపారు. ప్రోగ్రాం "శుక్రవారం రాత్రి 1-47" అని రాసింది. అంకె ప్రకారం తప్పేం లేదు, అర్ధరాత్రి కాగానే మిషనుకి రోజు మారిపోతుంది. కానీ మనకి తెల్లారితే గాని రోజు మారదు కదా. ఆ కార్డు చదివినవాళ్లు శుక్రవారం పొద్దుపోయాక బయల్దేరి వస్తే, అప్పటికి పెళ్లికూతురు అత్తారింట్లో ఉంటుంది. అచ్చుకి వెళ్లేముందు నరసింహం గారు పట్టుకున్నారు కాబట్టి బతికిపోయాను. "గురువారం రాత్రి, బ్రాకెట్లో తెల్లవారితే శుక్రవారం అని వేయాలమ్మా. ఇది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం" అన్నారు. ఇంకో తప్పు కార్డు గనక బయటికి వెళ్తే పాత పద్ధతిలో చేత్తోనే రాసుకుంటామని కూడా అన్నారు.

ఇప్పుడు సరిచేశాను. తెల్లారేలోపు టైమేదైనా వస్తే ప్రోగ్రాం ఒక రోజు వెనక్కి వెళ్లి, ఆ వారం పేరు రాసి, బ్రాకెట్లో "తెల్లవారితే" అని కలుపుతుంది. పది రకాలుగా పరీక్షించాను, ఒక్కటీ తప్పు పోలేదు. నా భుజం నేనే తట్టుకుంటున్నాను, ఇక్కడ తట్టేవాళ్లు ఎవరూ లేరు. అమ్మకి చెప్తే, "కార్డులు వేయడానికేనా ఇంజనీరింగ్ చదివింది" అంది. అయినా ప్రెస్సు నుంచి ఆలస్యంగా వస్తే అన్నం మూతపెట్టి కూర్చుంటోంది.

నువ్వు చెప్తానన్నది చెప్పు.

మైథిలి

•

బాపట్ల
తొలి ఏకాదశి

మైథిలీ,

ఉపవాసం ఉన్నాను, అబద్ధం చెప్పకూడదు. ఈ రోజే చెప్పేస్తాను.

నేను పెళ్లి చేసుకుంటున్నాను. ప్రకాశరావు గారిని. నీకు నవ్వొస్తే నవ్వుకో, నాకే అప్పుడప్పుడు వస్తోంది. నేను చదువుకునే రోజుల్లో పెళ్లి మీద మనసు పోలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు, ఉద్యోగం బావుంది, రోజులు గడిచాయి. నాకేం లోటు లేదు. లోటు ఉండి చేసుకుంటున్నానని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది. ఆదివారం బస్సు కాస్త ఆలస్యమైతే నేను నాలుగుసార్లు వీధిలోకి తొంగిచూస్తున్నానని ఒక రోజు నాకే తెలిసింది. ఆయనకి చెప్పాను. ఆయన చాలాసేపు గొడుగు మడత సర్దుకుని, "మీరు చెప్పకపోతే వచ్చే ఆదివారం నేనే చెబ్దామనుకున్నానండి" అన్నారు.

ఉగాదినాడు మీ అమ్మకి చెప్పాను. "ఈ వయసులో నలుగురిలో నవ్వులపాలవుతావా?" అంది. నలుగురి సంగతి సరే, నీ సంగతి చెప్పు అన్నాను. లేచి వెళ్లిపోయింది. పైగా ఈ సంవత్సరం పేరు పరాభవ, కార్డు మీద అది వేయక తప్పదు. నాకు ఊళ్లో ఎవరేమనుకున్నా బాధ లేదు మైథిలీ. అక్క రాకపోతే మాత్రం ఆ పీటల మీద నా మనసు మనసులో ఉండదు. చిన్నప్పటి నుంచీ నాకు జడ వేసింది అదే.

ముహూర్తం సంగతి విను. మా ఇద్దరి జాతకాలకీ శ్రావణంలో ఒక్కటే కుదిరిందట. బుధవారం రాత్రి రెండు ముప్పై రెండుకి. ఆ వేళకి నేను మేలుకుని ఉంటానా అని నా భయం. కార్డు మీ ప్రెస్సులోనే ఇచ్చాం, నీకు చెప్పకుండా. ఆయన ఫోన్లో వివరాలు నింపబోతే నేనే లాక్కుని నింపాను. బుధవారం రాత్రి కదా, బుధవారం తేదీ వేసి, రెండు ముప్పై రెండు అని కొట్టాను. తేదీ కూడా అక్షరాల్లోనే రావాలని కోరాను, నీ మీద గౌరవంతో. కార్డు నమూనా ఆయన ఫోనుకి వచ్చిందట, చూసి సరే అన్నారట. నిన్ననే కట్ట తెచ్చుకుని, తెనాలిలోనే పోస్టులో వేసి, రేపల్లె వెళ్లిపోయారు. నేనింకా చూడలేదు. మీ అమ్మకీ ఒకటి వేయమన్నాను.

నీ
పిన్ని

•

తెనాలి
ఆగస్టు మూడు, సోమవారం

పిన్నీ,

నీ ఉత్తరం ప్రెస్సులో నిలబడి చదివాను. పెళ్లి మాట దగ్గర గట్టిగా నవ్వాను, సంతోషంతోనే. నరసింహం గారు తలెత్తి చూశారు. తర్వాతి పేజీ చదివి, పరిగెత్తుకెళ్లి మీ కార్డు తీసి చూశాను.

నువ్వు బుధవారం తేదీ వేశావు. నువ్వు మన లెక్కలో వేశావు. ప్రోగ్రాం నువ్వు గడియారం లెక్కలో వేశావనుకుని, తెల్లారలేదు కదా అని ఒక రోజు వెనక్కి వెళ్లింది. మీ కార్డు మీద "ఇరవై అయిదో తేదీ, మంగళవారం రాత్రి 2-32 (తెల్లవారితే బుధవారం)" అని ఉంది. మంగళవారం పెళ్లి, పిన్నీ. అమృతలూరు వాళ్లలా అంకె ఇచ్చేవాళ్లకోసం దిద్దాను, నీలా ఇచ్చేవాళ్లుంటారని తట్టనే లేదు. ఒకటే అంకె, రెండు రాత్రులు. పది రకాలుగా పరీక్షించానని కోసుకున్నాను కదా, పదీ నేను నింపినవే.

మీ కార్డు అచ్చుకి వెళ్లిన రోజు నరసింహం గారు చీరాలలో ఉన్నారు. నేను ఒక్క చూపు చూసి ఉంటే నీ పేరైనా కనబడేది. నా ప్రోగ్రాం మీద నమ్మకంతో నేరుగా మిషను మీదికి పంపేశాను. ప్రకాశరావు గారికి ఫోన్ చేశాను. ఆయన పాపం, "అంకెలు సరిచూశానమ్మా, రెండు ముప్పై రెండు సరిగ్గానే ఉంది. మాటలు చదవలేదు" అన్నారు. కాబోయే బాబాయిని ఏమంటాను?

ఇంకా ఉంది. అమ్మకి వెళ్లిన కార్డు శనివారమే అందింది. టీవీ వెనక పెట్టింది. దాని గురించి అడగడానికి నాకు నోరు రాలేదు.

నరసింహం గారికి అంతా నేనే చెప్పేశాను. కొత్త కార్డులు వేస్తాం, లేదా ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను. నీ పెళ్లికి నేనిలా చేశానని తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఏం చేయమంటావో వెంటనే రాయి.

మైథిలి

•

బాపట్ల
శుక్రవారం, వాన

మైథిలీ,

ఏడవకు. కొత్త కార్డులు వద్దు. ముందు ఇది విను.

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. మీ అమ్మ. ఉగాది తర్వాత మొదటిసారి. హలో లేదు, బావున్నావా లేదు. "మంగళవారం పెళ్లేంటే? ఎవడా పురోహితుడు? మన ఇంటా వంటా ఉందా? చెప్పేవాళ్లు లేరనుకున్నావా?" అని ఒకటే వాయింపు. నేను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఆ గొంతు విని ఎన్ని నెలలైందో. "అక్కా, నా మాట విను" అనేలోపే పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. బుధవారమని చెప్పే వీలే ఇవ్వలేదు. వస్తావా అని నేనూ అడగలేదు, అడిగితే రానంటుందని భయం.

మిగతావాళ్లకి నేనూ ఆయనా ఫోన్లు చేసుకుంటాం, ఉన్నదే కొద్దిమంది. మీ అమ్మకి మాత్రం నువ్వు చెప్పు, పెళ్లి బుధవారం రాత్రని. ఏ ప్రెస్సులో వేయించానో నేను బయటపెట్టను. నీ మీదికి రాకుండా చూస్తాను.

ఒకటి తోచింది. నన్ను అంకె అడిగే ముందు "ఏ వారం రాత్రి?" అని అడిగి ఉంటే నేను తప్పు చెప్పేదాన్ని కాదు.

నీ
పిన్ని

•

రేపల్లె
ఆదివారం, టిఫిన్లయ్యాక

మైథిలికి,

కొత్త ఇంటి వరండాలోంచి రాస్తున్నాను. పై అడ్రసు చూసి నువ్వు నవ్వుతావని తెలుసు, నేనూ రాసి ఒకసారి చూసుకున్నాను. ఈయన పక్కన కూర్చుని పేపర్లో అంకెల పజిలు నింపుతున్నారు. ఆదివారం ఎక్కడికీ బస్సెక్కి వెళ్లనక్కర్లేదని పొద్దున్నుంచీ మూడుసార్లు అన్నారు.

పెళ్లి నువ్వు చూశావు. రెండు ముప్పై రెండుకి జీలకర్ర బెల్లం పెట్టేసరికి నరసింహం గారు కుర్చీలో గురక పెట్టడం కూడా చూశావు. నువ్వు చూడనిది మంగళవారం. అది రాయాలి నీకు.

మంగళవారం పొద్దున్న గిన్నెలు తోముకుంటుంటే గుమ్మం ముందు ఆటో ఆగింది. మీ అమ్మ దిగింది, సంచీతో, కందిపొడి డబ్బాతో. నేను చేతులకి సబ్బుతోనే నిలబడిపోయాను. "కార్డులో ఈ రోజని ఉంది కదా, వచ్చాను" అంది. ఇంట్లో పెళ్లి హడావిడి ఏదీ లేకపోవడం చూసి కూడా ఏమీ అడగలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి, "ఇదేం వంటిల్లే" అని డబ్బాలన్నీ కిందకి దింపింది. నేను రేపని చెప్పబోయి ఆగిపోయాను. చెప్తే వెళ్లిపోతుందేమోనని. సాయంత్రానికి గాని, "అక్కా, కార్డులో తప్పు పడింది, పెళ్లి రేపు" అని చెప్పే ధైర్యం రాలేదు. "సరేలే, వచ్చాను కదా, ఎక్కడికి పోతాను" అని గోరింటాకు రుబ్బడానికి కూర్చుంది.

ఆ రోజంతా మేమిద్దరమే. ఏం మాట్లాడుకున్నామో చెప్పమంటే ఒక్కటీ గుర్తులేదు. మా అమ్మ చేసే పులిహోరలో ఇంగువ ఎక్కువా తక్కువా అని పోట్లాడుకున్నాం. నా జుట్టు దువ్వుతూ, "తెల్లబడిపోయావే" అంది. "నువ్వు మాత్రం?" అన్నాను. కాసేపయ్యాక, "ఆయన నెమ్మదస్తుడేనా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరే" అంది. మార్చి నుంచీ నేను ఎదురుచూసిన మాట అదే.

దానికి అసలు రోజు చెప్పమని నీకు రాశాను కదా, నువ్వు మర్చిపోయినట్టున్నావు. మర్చిపోయి ఎంత మంచి పని చేశావో నీకు తెలియదు. నీ ప్రోగ్రాం తప్పు చేయకపోతే, అది బుధవారం సాయంత్రం నలుగురితోపాటు వచ్చి, అక్షింతలు వేసి, వెళ్లిపోయేది. ఒక రోజంతా మా అక్క నాకు దొరికింది.

ప్రెస్సులో ఏమన్నారు? ఉద్యోగం ఉందా?

నీ
పిన్ని

•

తెనాలి
సెప్టెంబరు రెండు, బుధవారం ఉదయం

పిన్నీ,

ఉద్యోగం ఉంది. నరసింహం గారు బాపట్ల నుంచి తిరిగొస్తూ రైల్లో, "పెళ్లి ఆగలేదు కదమ్మా. ఇక మీద రాత్రి ముహూర్తాలు మాత్రం నువ్వూ చదువు, నేనూ చదువుతాను" అన్నారు. నువ్వు చెప్పినట్టే చేశాను. అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే ప్రోగ్రాం ముందు రెండు మాటలు అడుగుతుంది, ఏ వారం రాత్రి, తెల్లవారితే ఏ వారం అని. అవి తేదీతో సరిపోకపోతే అచ్చుకి పంపదు, మాకు ఫోన్ చేయమంటుంది. నిన్న రేపల్లె వాళ్లదే ఒకటి అలా ఆగింది. ఫోన్ చేసి కనుక్కుని సరిచేశాం.

ఇక రెండో సంగతి. చెప్పొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. నోట్లోంచి మాట బయటికి రాకూడదంది, రాయకూడదని అనలేదు.

నేను మర్చిపోలేదు పిన్నీ. నీ ఉత్తరం అందిన రోజే అమ్మకి చెప్పాను, పెళ్లి బుధవారం రాత్రని, తప్పు నాదేనని. "తెలుసు, కార్డు కింద చిన్నక్షరాల్లో మీ ప్రెస్సు పేరుంది" అంది. తర్వాత వీధి గదిలో కూర్చుని అమృతలూరు, చీరాల, వడ్లమూడి, మనవాళ్లందరికీ తనే ఫోన్లు చేసింది. "మా చెల్లెలి పెళ్లి బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం. కార్డులో తప్పు పడింది, సరిగ్గా గుర్తుపెట్టుకోండి" అని. మా చెల్లెలి పెళ్లి అని అమ్మ అంతమందికి చెప్తుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నువ్వు ఫోన్ చేయనివాళ్లు కూడా నీ పెళ్లికి సరైన రోజునే ఎలా వచ్చారనుకున్నావు?

మంగళవారం తెల్లారకముందే లేచి కందిపొడి వేయించింది. సంచీ సర్దుకుంటుంటే, "పెళ్లి రేపు కదమ్మా" అన్నాను. టీవీ వెనక నుంచి కార్డు తీసి సంచీలో పెట్టుకుంటూ, "ఇందులో ఈ రోజనే ఉంది. ఇది లేకపోతే ఏ మొహం పెట్టుకుని ఒక రోజు ముందు వెళ్లేదాన్ని?" అంది.

నీకు తెలియనట్టే ఉండు.

నీ
మైథిలి